పసుప్పచ్చ పాదాలు

మా తమ్ముడు తీపిగా మాట్లాడాడంటే నా గుండెల్లో రాయి పడుతుంది. చంకనెత్తుకుని పెంచినదాన్ని, వాడి సంగతి నాకు తెలియదా. వాడికేదైనా కావలసివస్తే ముందు ఎదుటివాళ్ళ బట్టలు మెచ్చుకుంటాడు. దర్జీ కనక ఎవరికీ అనుమానం రాదని ధీమా. ఊళ్ళో అందరూ వాణ్ణి కత్తెర అంటారు. చేతిలో ఉన్నదాన్ని చూసి పెట్టారో, నోట్లో ఉన్నదాన్ని చూసి పెట్టారో ఇప్పటికీ తేలలేదు.

ఆ పొద్దున వచ్చీ రాగానే, "అక్కా, ఈ శాలువా నీకు భలే నప్పింది" అన్నాడు. అది వాళ్ళావిడ వద్దని వదిలేస్తే నేను తెచ్చుకున్న శాలువా.

"ఏం కావాలో చెప్పు" అన్నాను.

"ఏదో కావాలనే రావాలా? బావని కాసేపు కొట్టుకి తీసుకెళ్దామని వచ్చాను. నాలుగు గోడల మధ్య ఆయనకి మాత్రం ఏం తోస్తుంది పాపం."

ఇన్నాళ్ళూ పుట్టని పాపం ఇవాళ ఎందుకు పుట్టుకొచ్చిందా అనుకున్నాను. కానీ గేటు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు, రెండు చేతులతో ఊచలు పట్టుకుని. ఆ ఊచల్లోంచి కాలవగట్టు వైపు చూస్తూ పొద్దల్లా అలాగే నిలబడతారు. అది చూసి ఒప్పుకున్నాను.

మా ఆయన పశువుల కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఆయన చెయ్యి పడని గొడ్డు లేదు. అడ్డం తిరిగిన దూడని లాగడానికి ఎంత దూరమైనా పొలాలకడ్డంగా నడిచి వెళ్ళిన మనిషి. ఏ గట్టు ఎక్కడ తెగిందో, ఎవరి కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో టీ బాగుంటుందో అంతా నోటికి వచ్చేది. ఆ మనిషికి మతిమరుపు వచ్చింది. ముందు పేర్లు పోయాయి, తరవాత దారులు పోయాయి. నేను మాత్రం ఉన్నాననుకున్నాను. ఒకరోజు అన్నం పెడుతుంటే, "మీకెందుకమ్మా శ్రమ" అన్నారు. అప్పుడు తెలిసింది, నేనూ పోయానని.

వేసంగిలో ఒకరోజు ఇంట్లోంచి వెళ్ళి ఎంతకీ రాలేదు. మా అబ్బాయి వెతుక్కుంటూ వెళ్తే రాళ్ళ క్వారీ అంచున దొరికారు. కింద నీళ్ళు నిలిచిన గొయ్యి, కాలి కింద జారే రాయి. వాడు వెనకనుంచి నడుం పట్టుకుని లాగేసి భుజాన వేసుకుని తెచ్చాడు. మా వాడిది వెల్డింగ్ షాపు. నిప్పురవ్వల్లో బతికేవాడు, ఆ తరవాత చాలా రోజులు అతుకు సరిగ్గా వెయ్యలేకపోయాడు. తండ్రికి అందకుండా గేటుకి బయట గడియ పెట్టాడు. "ఇంకొక్కసారి తప్పిపోతే తాళమే అమ్మా. చెవి నా జేబులో ఉంటుంది. నువ్వేడ్చినా ఇవ్వను, మామయ్య కాళ్ళమీద పడ్డా ఇవ్వను" అన్నాడు. వాణ్ణి తప్పుపట్టలేను. కానీ జీవితమంతా తిరిగిన మనిషిని కట్టేస్తే ఏమవుతారో అని నా దిగులు నాది.

అందుకని తమ్ముడితో పంపాను. మర్నాడూ వచ్చాడు వాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. ఇంటికి ఎవరొచ్చి వెళ్ళినా దండెం మీద క్లిప్పులు లెక్కపెట్టుకునేదాన్ని. కాబట్టి ఆయన తిరిగి రాగానే ముందు ఒళ్ళంతా చూశాను. పంట్లాం అంచుకి పల్లేరుకాయలు. చొక్కాకి అంటుకునే గడ్డిగింజలు. చెప్పులకి ఎర్రమట్టి. దర్జీ కొట్టులో దారం ముక్కలుంటాయి, గుండీలుంటాయి, పల్లేరుకాయలు ఎక్కడివి? ఇంకోరోజు కుడిచేతి వేళ్ళకి పసుప్పచ్చ రంగు కూడా ఉంది.

"ఇదేంట్రా?" అని తమ్ముణ్ణి అడిగాను.

"సుద్దముక్క అక్కా. బట్ట మీద గీత గీస్తాంగా."

"సుద్దముక్కకి కిరసనాయిలు వాసన వస్తుందా?"

"నీకు జలుబేమో" అని గబగబా వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టు ఉంది వాడి వాలకం.

లాభం లేదని ఆయన్నే అడిగాను.

"ఎక్కడికి వెళ్ళొచ్చారండీ?"

"డ్యూటీకి."

"ఏం డ్యూటీ?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "చెప్పకూడదు. వాళ్ళు వద్దన్నారు."

"వాళ్ళంటే ఎవరు?"

"మీరెవరో తెలియకుండా మీకెలా చెబుతానమ్మా?" అన్నారు, చాలా మర్యాదగా.

అప్పుడు మా పక్కింటి పాలావిడ ఆజ్యం పోసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. "వదినా, నేనేమీ అనడం లేదు. నిన్న మీ ఆయన్ని ఇటుకబట్టీ దగ్గర చూశాను. మీ తమ్ముడు చెయ్యి పట్టుకుని ఉన్నాడు. పంతులమ్మేమో పొద వెనక ఉంది. నేనేమీ అనడం లేదు మరి."

"పొద వెనకా? పంతులమ్మ పొద వెనకెందుకుంది?"

"అదే నాకూ తెలియలేదు. వయసు మీదపడ్డాక అందరం ఆపుకోలేం కదా అనుకుని తల తిప్పుకుని వచ్చేశాను. కానీ వదినా, మతి లేని మనిషిచేత వేలిముద్రలు వేయించుకునే రోజులు ఇవి. వేళ్ళకి రంగుందంటున్నావు. జాగ్రత్త."

ఆ రాత్రి ఇంటి కాగితాలు పెట్టెలోనే ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నాను. మాకు ఆస్తి అంటే ఈ ఇల్లూ పెరడూ. దానికోసం సొంత తమ్ముడే బావ చెయ్యి పట్టుకుంటాడా? పట్టుకోడని ఒక మనసు. వాడు చిన్నప్పుడు నా వాటా బెల్లం ముక్క తిని పిల్లి మీద పెట్టలేదా అని ఇంకో మనసు.

పంతులమ్మ సంగతి చెప్పాలి. రిటైరైన టీచరమ్మ. ఈ ఊరికి కొత్తగా ఉద్యోగానికి వచ్చిననాడు ఒక ట్రంకుపెట్టె, ఒక గొడుగుతో దిగి, బాతులు తరిమితే మా అరుగెక్కి కూర్చుంది. అప్పటినుంచీ తెలుసు నాకు. రోడ్లు పడ్డాక పొలాల దారుల్లో నడిచేవాళ్ళు లేక ముళ్ళు మూసేస్తున్నాయనీ, నాలుగు ఊళ్ళనీ చుట్టివచ్చేలా ఒక నడకదారి మనమే వేసుకుందామనీ ఆవిడే మొదలుపెట్టింది. పట్నంవాళ్ళు కూడా సెలవురోజుల్లో వచ్చి నడుస్తారట. నాలుగు ఊళ్ళవాళ్ళూ కలిసి కంప నరికారు, కాలవకి అడ్డంగా దుంగలు వేశారు. రాళ్ళమీదా స్తంభాలమీదా పసుప్పచ్చ రంగుతో పాదం గుర్తులు వేశారు, వేళ్ళు ఎటుంటే అటు నడవాలని. మా ఊరి పాదం మా తమ్ముడి పాదమే, కాగితం మీద పెట్టి కత్తిరించాడు. ఇటుకబట్టీ ఉన్న ఊరివాళ్ళు వేసిన పాదానికి ఆరు వేళ్ళున్నాయి. అడిగితే, మా ఊళ్ళో అన్నీ ధారాళమే అన్నారు వాళ్ళు.

పని బాగానే సాగింది కానీ దారి ఎక్కడ మొదలవ్వాలన్న దగ్గర తగువొచ్చింది. మీ ఊళ్ళో మొదలైతే మేం మీకు తోకా అని ప్రతి ఊరూ అడిగింది. చివరికి మొదలూ లేదు చివరా లేదు, ఎవరి గుమ్మంలో ఎక్కితే వాళ్ళకదే మొదలు అని తీర్మానించుకున్నారు. ఆ దారి మా గేటు ముందునుంచే కాలవగట్టెక్కుతుంది. ఇక ఊరూ పేరూ తెలియనివాళ్ళంతా మా ఇంట్లోకి తొంగిచూస్తూ పోతారు కాబోలని నేను అప్పుడే గొణుక్కున్నాను.

మర్నాడు తమ్ముడు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళగానే, కోడలితో పాలకోసం వెళ్తున్నానని చెప్పి చెంబు పట్టుకుని బయలుదేరాను. వాళ్ళు దర్జీ కొట్టు దాటారు. కొట్టుకి తాళం. బట్టీ వైపు తిరిగారు. నేను కంపచాటున నడిచాను. మోకాళ్ళు నన్ను తిడుతూనే ఉన్నాయి.

ఇటుకబట్టీ వెనక మూడు బాటలు విడిపోతాయి. ఒకటి మామిడితోటకి, ఒకటి బట్టీ ఊళ్ళోకి, ఒకటి క్వారీకి. సరిగ్గా అక్కడ మా తమ్ముడు ఆయన చెయ్యి వదిలేసి పరుగెత్తి ఇటుకల దొంతర వెనక దాక్కున్నాడు. అక్కడ పంతులమ్మ ముందే ఉంది. బట్టీ మేస్త్రి కూడా ఉన్నాడు, రంగుడబ్బా పట్టుకుని. ముగ్గురూ తలలు బయటపెట్టి చూస్తున్నారు. మధ్యలో మా ఆయన ఒక్కరే నిలబడ్డారు. ఇటు చూశారు, అటు చూశారు. నెత్తి గోక్కున్నారు. తరవాత క్వారీ బాట పట్టారు.

ఎవరూ కదల్లేదు. మా తమ్ముడైతే, "చూశారా, ఇటే పోతాడని నేను చెప్పలా!" అని సంబరంగా మేస్త్రి వీపు చరిచాడు.

ఆ తరవాత నేనేం చేశానో నాకు సగమే తెలుసు. చెంబు మా తమ్ముడి వీపున తగిలిన చప్పుడు మాత్రం తెలుసు.

"అమ్మో! అక్కా!"

"అక్క చచ్చింది! మీ బావతో ఆటలాడుకుంటున్నావురా? క్వారీ వైపు పోతుంటే కూర్చుని చప్పట్లు కొడుతున్నావా?"

మేస్త్రి పరుగెత్తి ఆయన్ని వెనక్కి తీసుకొచ్చాడు. పంతులమ్మ నా చెయ్యి పట్టుకోబోయింది, నేను విదిలించుకున్నాను.

"కూర్చో తల్లీ, చెబుతాను" అంది.

"నిలబడే వింటాను. కూర్చుంటే లేవలేను."

ఆవిడ చెప్పింది. పాదాలన్నీ వేశాక దారి సరిగ్గా ఉందో లేదో చూడాలి కదా. ఎవరు చూస్తారు? వేసినవాళ్ళందరూ ఈ గట్లమీద పుట్టినవాళ్ళో, ఆవిడలా ఇక్కడే ముసలైనవాళ్ళో. కళ్ళకి గంతలు కట్టి మా తమ్ముణ్ణి వదిలితే బట్టీ పొగ, మామిడిపూత వాసన పట్టుకుని ఇంటికొచ్చాడట. పోనీ పైఊరివాడని బట్టీ ఊరి కొత్తల్లుణ్ణి పంపితే అతను కనిపించిన ప్రతి గుమ్మంలో దారి అడిగాడు, ప్రతి గుమ్మంలోనూ మర్యాదలు చేశారు, పొట్ట పట్టుకుని సాయంత్రానికి బండిలో తిరిగొచ్చాడు.

"తెలిసినవాళ్ళం వేసిన గుర్తులు ఎలా ఉన్నాయో చూడు" అంది పంతులమ్మ. "కాలవగట్టు మీద ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ముళ్ళు. పోతే ముందుకే పోవాలి. అక్కడ వరసగా పాదాలు వేశాం. మూడు బాటలు విడిపోయే ఇక్కడ ఒక్కటీ లేదు. ఎందుకు వెయ్యలేదయ్యా అంటే, ఇక్కడ ఎవరికి తెలియదండీ అంటాడు మేస్త్రి. మాకెవరికీ తప్పిపోవడం చేతకాదు తల్లీ."

"అందుకని చేతనైనవాణ్ణి వెతుక్కున్నారా?"

"ఆయన ఎక్కడ దారి తప్పితే అక్కడ గుర్తు వేస్తున్నాం" అంది ఆవిడ, తల దించుకుని. మా తమ్ముడు వీపు రుద్దుకుంటూ, "ముందే అడిగితే ఒప్పుకునేదానివా?" అన్నాడు.

"ఒప్పుకునేదాన్ని కాదు."

"మరి?"

"మరి ఒప్పుకోనని చెప్పడానికైనా అడగాలి కదరా! నీకు అక్కని, ఆయనకి పెళ్ళాన్ని. పల్లేరుకాయలు ఏరుకుంటూ కూర్చోడానికేనా నేనున్నది?"

ఇంతలో మా ఆయన మా మధ్యకి వచ్చారు. "ఎవరమ్మా మీరు? అలా అరిస్తే పశువు బెదురుతుంది" అన్నారు. అక్కడ పశువేదీ లేదు. తరవాత నా మొహం చూసి జాలిపడి, "పాపం, వీళ్ళకి దారి తెలియదు. అడుగడుక్కీ నన్నడగాలి. మీరు కూడా తప్పిపోయారా?" అన్నారు.

ఎంత కాలమైంది, ఆయన వెన్ను అంత నిటారుగా చూసి. గేటు దగ్గర ఊచలు పట్టుకున్న మనిషి కాదు. వైద్యం చెయ్యమని నలుగురూ పిలిస్తే వచ్చిన మనిషి.

మేస్త్రి అక్కడ పాదం వేస్తుంటే, అప్పటికే రంగు ఆరిన ఇంకో చీలిక చూపిస్తానని పంతులమ్మ మమ్మల్ని తోట దగ్గరికి తీసుకెళ్ళింది. నమ్మకుండానే వెళ్ళాను. తమ్ముడు వెనకనుంచి దగ్గి దారి చెబుతాడేమోనని వాడి మూతి మీద నా చెయ్యి అడ్డం పెట్టాను. మా ఆయన ఆగారు. కింద రాయి మీద పాదం చూశారు. తన పాదం దాని మీద పెట్టి, కొలతకి సరిపోయిందా అన్నట్టు వంగి చూసి, వేళ్ళు చూపించిన వైపే వెళ్ళిపోయారు. తరవాతి దగ్గరా అంతే. వేళ్ళకి రంగు ఎందుకంటుకుందో అప్పుడర్థమైంది, తడి ఆరకముందే గుర్తుని తడిమి చూసుకునేవారన్నమాట.

ఇంటికొచ్చేసరికి కబురు మాకంటే ముందొచ్చింది. పాలావిడ కాళ్ళకి చక్రాలున్నాయి. మా అబ్బాయి షాపునుంచి వచ్చి ఉన్నాడు. చేతిలో తాళం. ఇంటి తాళం కాదు, దుకాణం షట్టరుకి వేసే తాళం.

"నాన్నని క్వారీ బాటలో నిలబెట్టారా?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇవాళే బట్టీ దగ్గర గుర్తు వేశార్రా..."

"అమ్మా, ఆరోజు నువ్వు లేవు. ఆయన కాలు ఎక్కడుందో నేను చూశాను. నువ్వు చూడలేదు."

కోడలు మంచినీళ్ళిచ్చింది, తాగలేదు వాడు. ఆయన మళ్ళీ గేటు దగ్గరకి వెళ్ళి నిలబడ్డారు.

"ఒక్కసారి" అన్నాను. "ఒక్కసారి పూర్తిగా తిరిగి రానీ. గుర్తులు అన్నీ సరిచెయ్యమంటాను. నేనూ వాళ్ళని నమ్మను, నా కళ్ళతో చూస్తాను. తప్పిపోతే ఆ తాళం నువ్వు కాదు, నేనే వేస్తాను. చెవి కూడా కాలవలో పారేస్తాను."

వాడు తాళం అరుగుమీద పెట్టాడు. "క్వారీ దగ్గర నేనుంటాను. ఆయనకి కనబడకుండా ఉంటాను. అటు ఒక్క అడుగు వేసినా అంతటితో ఆఖరు" అన్నాడు.

అనుకున్నరోజు పొద్దున్నే గడియ తీశాం. మా తమ్ముడికి మాత్రం నా పక్కన గోడమీద కూర్చోవాలని ఆంక్ష పెట్టాను. చెట్టుచాటునుంచి ఈల వేసి దారి చెప్పే రకం వాడు. పంతులమ్మని రెండోపక్క కూర్చోబెట్టుకున్నాను. మా ఆయన గేటు దాటి, గట్టుమీద మొదటి పాదం చూసుకుని వెళ్ళిపోయారు. వెనక్కి తిరగలేదు.

ఎదురుచూడటం మొదలైంది.

"అక్కా, ఒక్కసారి కొట్టుకెళ్ళొస్తా. ఎవరో చొక్కా ఇచ్చి ఉన్నారు."

"కూర్చో."

"పోనీ నీళ్ళు తాగొస్తా."

"ఉమ్ము మింగు."

పంతులమ్మ నవ్వబోయి నన్ను చూసి మానుకుంది. ఆవిడ చేతులు కూడా గొడుగు పిడిని పిసుకుతున్నాయి. మామిడితోటవాళ్ళు కుక్కని కట్టేశారో లేదో అన్నాను. కట్టేశారంది. మీరు చూశారా అన్నాను. చూడలేదంది.

ఎండ గోడమీదకి వచ్చాక మా అబ్బాయి అడ్డదారిన పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముందు నాకు ప్రాణం పోయింది. తీరా చూస్తే వాడి మొహం విప్పారి ఉంది. "దాటేశాడమ్మా! క్వారీ వైపు తలైనా తిప్పలేదు. పాదం మీద పాదం పెట్టుకుని..." అంటూ ఒగరుస్తూ నేలమీద కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా మణికట్టుతో కళ్ళు తుడుచుకున్నాడు.

తరవాత గట్టు మలుపులో ఆయన కనిపించారు. చెమటతో చొక్కా తడిసి ఉంది. మా తమ్ముడు గోడమీదనుంచి దూకాడు. పంతులమ్మ గొడుగు ఎత్తి ఊపింది. నేను లేచి నిలబడ్డాను, ఏమని పలకరించాలో తెలియక.

ఆయన మా ముందుకు వచ్చి చేతులు జోడించారు. "అందరూ బాగున్నారా?" అన్నారు.

ముందుకు వెళ్ళిపోయారు.

సరదాకి అంటున్నారనుకుని నవ్వాం. ఆయన ఆగలేదు. మళ్ళీ గట్టెక్కారు, మళ్ళీ మొదటి పాదం మీద కాలు పెట్టారు. అప్పుడు నవ్వు ఆగింది. మొదలు లేదు చివర లేదు అని పంతం పట్టి వేసుకున్న దారి కదా, ఎక్కడా ఆగమని లేదు. పొద్దు గుంకేదాకా తిరుగుతారు. పడిపోయేదాకా తిరుగుతారు.

మా అబ్బాయి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన వెనక్కి లాగుతూనే ఉన్నారు. "ఇంకా దారి ఉంది బాబూ. అదిగో పాదం, కనబడటం లేదూ?"

మా వాడు ఆయన్ని లోపలికి పంపి అరుగుమీద ఉన్న తాళం అందుకున్నాడు.

"ఆగు" అన్నాను.

"అమ్మా, మాటిచ్చావు."

"తప్పిపోతే వేస్తానన్నాను. ఎక్కడ తప్పిపోయారు? గుర్తు ఎటుంటే అటు వెళ్ళారు. ఇల్లు ఇదీ అని చెప్పే గుర్తు మీరెవరూ వెయ్యలేదు, నేనూ అడగలేదు. ఒరేయ్ కత్తెరా, రంగు తీసుకురా. ఆ గట్టుమీది పాదం చెరిపి మా గేటులోకి తిప్పు."

మా తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. "తిప్పితే, ఇక నడిచేవాళ్ళంతా మీ ఇంట్లోకి వచ్చేస్తారక్కా."

"రానీ. పెరటివైపునుంచి బయటికి ఇంకో పాదం వెయ్యి. దారి మా ఇంట్లోంచే పోనీ. నేను పొద్దంతా పెరట్లోనే ఉంటాను. ఆయన లోపలికొస్తే కూర్చోబెట్టుకుంటాను. కూర్చోకపోతే వెనకాలే వెళ్తాను."

మా అబ్బాయి నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "నువ్వా? క్లిప్పులు లెక్కపెట్టుకునేదానివి, ఊరూపేరూ లేనివాళ్ళని పెరట్లోకి రానిస్తావా?"

"లెక్కపెట్టుకుంటూనే రానిస్తాను."

అంతటితో అయిపోలేదు. కబురు మిగిలిన ఊళ్ళకి చేరేసరికి నన్ను అనుమానించడం మొదలుపెట్టారు. దారిన పోయేవాళ్ళకి టీలు అమ్ముకోవడానికి ముసల్ది ఎత్తువేసిందన్నారు. మొదలు తన గుమ్మంలో పెట్టించుకుంటోందన్నారు. పాలావిడైతే, "నేనేమీ అనడం లేదు వదినా" అంటూ అందరిదగ్గరా అన్నీ అంది. చివరికి వాళ్ళంతా మా అరుగుముందు చేరారు. బట్టీ మేస్త్రి సూటిగా అడిగాడు.

"పిన్నీ, నీ బాధ నాకు తెలుసు. కానీ రేపు నీకు మాతో మాటొస్తే? గేటు వేసుకుంటావు. నాలుగు ఊళ్ళ దారి నీ గడియ దగ్గర తెగిపోతుంది. నిన్నెలా నమ్మాలి?"

మంచి ప్రశ్నే. వాడి స్థానంలో నేనైనా అదే అడుగుదును.

"నమ్మొద్దు" అన్నాను. "గేటు పీకేస్తాను."

మా అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. "అమ్మా! గేటు లేకపోతే నాన్న బయటికి పోడా?"

"పోతారు. పోయి తిరిగి ఈ పెరట్లోకే వస్తారు. క్వారీ దగ్గర నీ కళ్ళతో చూసినది నువ్వే నమ్మకపోతే ఇంక నేనేం చెప్పను?"

వాడు లోపలికి వెళ్ళిపోయాడు. అన్నం తినకుండా షాపుకి పోయాడు. రెండుమూడు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. ఆ తరవాత ఒక పొద్దున కోత మిషను తీసుకొచ్చి, నల్లద్దాల కళ్ళజోడు పెట్టుకుని, తను అతికిన గడియ దగ్గర మొదలుపెట్టి బందులదాకా కోసేశాడు. మా ఆయన పక్కన నిలబడి రవ్వలు చూస్తూ, "జాగ్రత్త బాబూ, కంట్లో పడతాయి" అంటూనే ఉన్నారు. గేటు తీసి గోడకి ఆనించాక వాడు దారికడ్డంగా చాలాసేపు కూర్చున్నాడు, లేవలేకపోయాడు. కోడలు వెళ్ళి లేపింది. క్వారీ అంచున మాత్రం ఇనప కంచె వేసి తీరతానన్నాడు. వేశాడు కూడా, బట్టీవాళ్ళు సాయం పట్టారు.

ఇప్పుడు మా పెరట్లోంచి రకరకాల మనుషులు పోతుంటారు. టోపీలవాళ్ళు, కర్రలవాళ్ళు, పిల్లల్ని మెడమీద ఎక్కించుకున్నవాళ్ళు. నేనెవరినీ నమ్మను. అందరి చేతులూ చూస్తూనే ఉంటాను. ఒకావిడ మల్లెమొక్క దగ్గర వంగితే లేచి వెళ్ళాను, చెప్పు పట్టీ పెట్టుకుంటోందిట.

ఆయన పొద్దున టిఫినవ్వగానే బయలుదేరతారు. కొన్నిరోజులు మధ్యలో ఏ ఊరివాళ్ళో కూర్చోబెట్టి గొడ్డుని చూపిస్తారు, ఆలస్యమవుతుంది. నేను పెరటికీ వీధికీ మధ్య తిరుగుతుంటాను. కొన్నిరోజులు వచ్చి ఆగకుండా పెరటిపాదం పట్టుకుని పోతారు, నేను చెప్పులేసుకుని వెనకాల పడతాను. మా తమ్ముడు కొట్టులోంచి చూసి, "అక్కా, శాలువా బాగుంది" అని అరుస్తాడు, నాకు తిట్టడానికి ఊపిరుండదు.

నిన్న మాత్రం ఆగారు. నీడలో వేసిన కుర్చీ చూసి, కూర్చోవచ్చా అన్నట్టు నావైపు చూసి కూర్చున్నారు. గ్లాసుతో మంచినీళ్ళిచ్చాను. అందుకున్నారు కానీ తాగలేదు. గ్లాసు ఎత్తి వెలుగులో పెట్టి చూశారు. వాసన చూశారు. నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఏం కలిపావు ఇందులో?" అన్నారు. మీరూ అమ్మా పోయి నువ్వయ్యాను.

"ఏమీ కలపలేదండీ. ఉత్తి నీళ్ళే."

"అలాగే అంటారు అందరూ" అన్నారు. "ముందు నువ్వు తాగు."

నేను ఒక గుక్క తాగి గ్లాసు తిరిగి ఇచ్చాను. నాకేమైనా అవుతుందేమోనని కాసేపు నా మొహంలోకి చూస్తూ కూర్చుని, అప్పుడు తాగారు.